రష్యన్‌కు తెలుగు దారి

రష్యన్ కష్టమైన భాష అన్న మాట మన దాకా ఇంగ్లీషు పుస్తకాల్లోంచి వచ్చింది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పించడానికి ఒక సంస్థను నడుపుతుంది. ఉద్యోగానికి సరిపడా రష్యన్ రావాలంటే 44 వారాలు, సుమారు 1,100 గంటల తరగతులు కావాలని ఆ సంస్థ లెక్క. స్పానిష్‌కో ఇటాలియన్‌కో ఇంతకంటే చాలా తక్కువ సరిపోతుందంటారు. లెక్క తప్పని నేననను. కాని అది ఇంగ్లీషు మాతృభాషగా పెరిగినవాళ్ళ కోసం వేసిన లెక్క. ఒక భాష ఎంత కష్టమన్నది మనం ఎక్కణ్ణించి బయలుదేరామన్నదాన్నిబట్టి ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు నెలల తరబడి ఆగిపోయే చోట తెలుగువాళ్ళు సాఫీగా నడిచిపోవచ్చు. వాళ్ళ పుస్తకం రెండు పేజీల్లో తేల్చేసిన చోట మనం చాలాకాలం కూర్చోవాల్సి రావచ్చు.

అందుకే సొంతంగా రష్యన్ మాట్లాడటం నేర్చుకోవాలనుకునే తెలుగువారికి నేను మొట్టమొదట చెప్పేది ఇదే: ఇంగ్లీషు గుండా పోకండి. పుస్తకం ఇంగ్లీషుదే కావచ్చు, మరొకటి దొరక్కపోవచ్చు. మనసులో జరిగే పని మాత్రం తెలుగు నుంచి నేరుగా రష్యన్‌కు జరగాలి.

ఈ అవసరం ఎవరికుంది? మన రెండు రాష్ట్రాల నుంచీ వైద్యవిద్యకు రష్యా వెళ్ళే పిల్లలు చాలామంది ఉన్నారు. విదేశీ విద్యార్థులకు అక్కడి చాలా వైద్య కళాశాలల్లో పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారు. కాని వార్డుల్లోకి అడుగుపెట్టే సంవత్సరం వచ్చాక ఎదురయ్యే, మంచం మీది పెద్దావిడకు ఇంగ్లీషు రాదు. ఆమె నొప్పి ఆమె భాషలోనే చెబుతుంది. వీళ్ళు కాక, చిన్నప్పుడు మాస్కో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకశాలల్లో కొనుక్కుని చదివి, ఆ భాషను ఒక్కసారైనా నోటితో పలకాలని ఉన్న పాఠకులు ఉన్నారు. హైదరాబాదు ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో చేరితే గురువులు దొరుకుతారు. అందరూ చేరలేరు. ఈ అధ్యాయం ఒంటరిగా కూర్చునేవారి కోసం.

ముందుగా ఒక ఏర్పాటు. ఇక్కడ రష్యన్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తాను. మాటలో గట్టిగా పలికే అచ్చుకు, అంటే ఊనిక పడే అచ్చుకు, దీర్ఘం ఇస్తాను. ‘జ’ అని ఉన్నచోట ఉర్దూ ‘జిందగీ’లో మొదటి శబ్దాన్నీ, ‘ఖ’ అని ఉన్నచోట ఉర్దూ ‘ఖబర్’లో మొదటి శబ్దాన్నీ పలకాలి. హైదరాబాదులో ఉర్దూ చెవినపడుతూ పెరిగినవారికి ఈ రెండూ కొత్త కావు. ‘ఝ’ను మాత్రం ‘ష’ లాగే మొదలుపెట్టి గొంతు కలిపి పలకాలి. మాట చివర హల్లుకు తగిలి ‘య్’ కనిపిస్తే దాన్ని విడిగా పలకకూడదు. దాని సంగతి కాసేపట్లో వస్తుంది.

మనకు ముందే వచ్చినవి

‘ఇది ఇల్లు’ అంటాం. ఇందులో క్రియ లేదు. ఇంగ్లీషువాళ్ళకు క్రియ లేని వాక్యం వాక్యమే కాదు. రష్యన్‌లో ‘ఏత దోమ్’ అంటే సరిగ్గా అదే: ఇది, ఇల్లు. ‘య స్తుద్యేంత్’ అంటే నేను విద్యార్థిని. పేరుకు ముందు తగిలించే ఆర్టికల్స్ రష్యన్‌లో లేవు, మనకూ లేవు. నువ్వు, మీరు అన్న తేడా ఉంది. మాటల వరసను నొక్కిచెప్పే అవసరాన్నిబట్టి మార్చుకునే స్వేచ్ఛ ఉంది.

ఇంతకంటే లోతైన పోలిక మరొకటి ఉంది. మనకు కలిగే వాటిని మనం చేసే పనులుగా తెలుగు చెప్పదు. నాకు చలిగా ఉంది, నాకు నచ్చింది, నాకు అనిపిస్తోంది, నాకు ఇరవై ఏళ్ళు అంటాం. రష్యన్‌లో ‘నాకు’ అనే మాట ‘మ్న్యె’. చలిగా ఉంటే ‘మ్న్యె ఖోలద్న’, నచ్చితే ‘మ్న్యె న్రావిత్స’, అనిపిస్తే ‘మ్న్యె కాఝిత్స’, అవసరమైతే ‘మ్న్యె నూఝ్న’, వయసు చెప్పాలంటే ‘మ్న్యె ద్వాత్సత్య్ ల్యేత్’. ఇంగ్లీషు పుస్తకాలు దీనికి ఒక అధ్యాయం కేటాయించి, వ్యక్తిని కర్తగా కాక అనుభవం పొందేవాడిగా ఊహించుకోండని బతిమాలతాయి. మనం పుట్టినప్పట్నించీ అలాగే ఊహించుకుంటున్నాం.

ఆరు విభక్తులనగానే చాలామంది పుస్తకం మూసేస్తారు. ఆ ఆరింటినీ తెలుగు ప్రత్యయాలతో పేర్చి చూడండి: ఏ ప్రత్యయమూ లేని రూపం, యొక్క, కు, ను, తో, లో. ఇంగ్లీషువాళ్ళకు ఇవి నేర్పాలంటే కష్టం కాని, ‘కలంతో రాశాను, అన్నకు ఇచ్చాను’ అనే మనకు వీటి పని ఏమిటో వివరించనక్కరలేదు. ప్రత్యయం చేరేటప్పుడు మాట రూపం మారడం కూడా మనకు వింత కాదు. ఇల్లు ఇంటికి అవుతుంది, నోరు నోటిలో అవుతుంది, చెయ్యి చేతితో అవుతుంది.

ద్వితీయా విభక్తి దగ్గర ఈ చుట్టరికం మరీ ఆశ్చర్యం కలిగిస్తుంది. ‘ఉత్తరం చదివాను’ అంటాం, ‘ఉత్తరాన్ని’ అనక్కర్లేదు. అదే మనిషైతే ‘అన్న చూశాను’ అనం, ‘అన్నను చూశాను’ అనాల్సిందే. ప్రాణమున్నవాటికీ లేనివాటికీ మధ్య తెలుగు గీసే ఈ గీతనే రష్యన్ కూడా గీస్తుంది. ‘వీఝు ఝుర్నాల్’ అంటే పత్రిక చూస్తున్నాను. ఝుర్నాల్ అలాగే ఉంది. సోదరుణ్ణి చూస్తున్నాను అనాలంటే మాత్రం బ్రాత్ కాస్తా ‘బ్రాత’ అవుతుంది: ‘వీఝు బ్రాత’. పురుషలింగపు ఏకవచనంలో ఇది దాదాపు తప్పని సూత్రం. రెండు భాషలకూ దగ్గరి బంధుత్వం ఏమీ లేదు, ఒకటి ద్రావిడం, మరొకటి స్లావిక్. అయినా ఒకే అవసరం రెండింటినీ ఒకే చోటికి తెచ్చింది. వాక్యంలో ఎవరు చూశారో ఎవరిని చూశారో తికమకపడే ప్రమాదం ప్రధానంగా రెండు ప్రాణుల మధ్యే ఉంటుంది కదా.

పోలిక అన్నిచోట్లా కుదరదు. ‘నా దగ్గర పుస్తకం ఉంది’ అన్నదానికి ‘ఉ మిన్యా యేస్త్య్ క్నీగ’ అచ్చంగా సరిపోతుంది. కాని ‘నాకు ఇద్దరు అన్నలు’ అనడానికి కూడా రష్యన్‌వాళ్ళు ‘నా దగ్గర’ అన్నట్టే అంటారు. నిజంగా కష్టపెట్టేవి వేరే ఉన్నాయి. ప్రాణంలేని వస్తువులకు సైతం మూడు లింగాలున్నాయి. మనకు బల్లా కిటికీ అన్నీ ‘అది’ కిందికే వస్తాయి. చాలామటుకు మాట చివరి శబ్దమే లింగాన్ని చెప్పేస్తుంది కాబట్టి ఈ బాధ కొన్నాళ్ళదే. వెళ్ళడం అనే పనికి కాలినడకన అయితే ఒక క్రియ, బండి మీద అయితే మరొకటి. అందులోనూ ఒకసారి వెళ్తున్నప్పుడు ఒకటి, అలవాటుగా వెళ్ళేటప్పుడు ఇంకొకటి. పని చేస్తూ ఉండటానికీ పని పూర్తి చేయడానికీ వేర్వేరు క్రియారూపాలు. ‘చితాల్’ అంటే చదివాను, ‘ప్రచితాల్’ అంటే చదివేశాను. మన ‘చదివేశాను, తినేశాను’లలోని ఆ ‘ఎయ్యి’ మీద ఆధారపడితే మొదటి మజిలీ దాటతారు. ఆ తర్వాత వాడుకే నేర్పాలి.

ఆడపిల్లలకు ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. తెలుగులో ‘నేను వచ్చాను’ అని ఎవరైనా అనొచ్చు. రష్యన్ భూతకాలంలో మగవాడు ‘య ప్రిషోల్’ అంటాడు, స్త్రీ ‘య ప్రిష్లా’ అంటుంది. ‘అర్థమైంది’ అనడానికి మగవాడిది ‘పోనిల్’, స్త్రీది ‘పనిలా’. ఊనిక కూడా చోటు మార్చుకుంది, చూడండి. ఆడియో పాఠాల్లో మగగొంతునే అనుకరిస్తూ పోతే ఆ తప్పు నోటికి అంటుకుపోతుంది. ఎవరి గొంతును వారు వెతుక్కోవాలి.

చెవి

ఇప్పుడు మన కష్టం దగ్గరికి వద్దాం. లిపి మన కష్టం కాదు. రష్యన్ అక్షరాలు 33. కొన్ని ఇంగ్లీషువాటిలా కనిపిస్తూ వేరేలా పలుకుతాయి, ‘పి’లా ఉన్నది ‘ర’, ‘హెచ్’లా ఉన్నది ‘న’, ‘బి’లా ఉన్నది ‘వ’. వత్తులూ గుణింతాలూ నేర్చిన చేతికి ఇదొక లెక్క కాదు. కొద్దిరోజుల పని.

కష్టమల్లా ఊనికది. తెలుగులో మాటలోని ఏ అక్షరాన్ని గట్టిగా పలికినా అర్థం మారదు. రష్యన్‌లో మారిపోతుంది. ‘జామక్’ అంటే కోట, ‘జమోక్’ అంటే తాళం. ‘మూక’ అంటే యాతన, ‘ముకా’ అంటే పిండి. ‘ప్లాచు’ అంటే ఏడుస్తున్నాను, ‘ప్లచూ’ అంటే డబ్బు కడుతున్నాను. ఈ జంటల్లో ఏ రెండిటికీ రాతలో తేడా లేదు. పాఠ్యపుస్తకాల్లో ఊనిక మీద చిన్న గీత పెడతారు. పత్రికల్లో, బోర్డుల మీద, సందేశాల్లో ఆ గీత ఉండదు. పైగా ఊనిక లేని అచ్చు నలిగిపోతుంది. పాలను రాసేటప్పుడు మూడు ఒకారాలు రాస్తారు, పలికేటప్పుడు ‘మలకో’ అంటారు. చివరిది ఒక్కటే ఒకారంగా మిగులుతుంది. కాబట్టి కంటితో నేర్చుకున్న మాటను చెవి గుర్తుపట్టదు. పుస్తకం నుంచి వెయ్యి మాటలు నేర్చినవారికి కూడా రష్యన్ సంభాషణ ఒక హోరులా వినిపించడానికి ప్రధాన కారణం ఇదే.

మన దగ్గర దీనికి ఒక పరికరం ఉంది. తెలుగు చెవి హ్రస్వదీర్ఘాలను తప్పకుండా పట్టుకుంటుంది. కల వేరు, కాల వేరు. రష్యన్‌లో ఊనిక పడిన అచ్చు పక్కవాటికంటే పొడుగ్గా ఉంటుంది. అందువల్ల ఊనికను దీర్ఘంగా విని, దీర్ఘంగా రాసుకోవడం మనకు పనికొచ్చే పద్ధతి. ఈ అధ్యాయంలో నేను చేస్తున్నది అదే. కొత్త మాట ఎదురైతే దాని ఊనిక తెలిసేదాకా అది మీకు రానట్టే లెక్క. ప్రతి మాటనూ ఒకసారి వినండి, దీర్ఘం ఎక్కడో గుర్తించండి, ఆ తర్వాతే రాయండి.

రెండో కష్టం మెత్తని హల్లులు. ‘బ్రాత్’ అంటే సోదరుడు. ‘బ్రాత్య్’ అంటే తీసుకోవడం. ‘ఊగల్’ అంటే మూల, ‘ఊగల్య్’ అంటే బొగ్గు. చివరి హల్లు పలికేటప్పుడు నాలుక నడిభాగం అంగిలివైపు లేచిందా లేదా అన్నదే తేడా. చేసి చూడండి: ‘తి’ అనడానికి నోరు సిద్ధం చేసి, ఇకారం బయటికి రాకముందే ఆపేయండి. అదే మెత్తని ‘త్య్’. ఇక ఇకారానికీ ఉకారానికీ మధ్య ఎక్కడో ఉండే ఒక రష్యన్ అచ్చు మన లిపికి అందదు. ‘ఉన్నాడు’ అనే భూతకాలపు మాటనూ ‘కొట్టాడు’ అనే మాటనూ నేను తెలుగులో రాస్తే రెండూ ‘బీల్’ అనే వస్తాయి. రష్యన్ చెవికి ఆ రెండూ ఏమాత్రం ఒకటి కావు.

ఇది చెవి లోపం కాదు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన పసిపిల్లలకు హిందీలోని త, ట శబ్దాలు వినిపించి పరీక్షించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడాను పసిగట్టారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి చాలామందిలో ఆ శక్తి తగ్గిపోయింది. ఇంగ్లీషు మాట్లాడే పెద్దవాళ్ళకు చాలామటుకు ఆ రెండూ ఒకటే. మనకు ఇంత స్పష్టంగా వినిపించే తాత, టాటా అన్న మాటలు వాళ్ళకు ఒకేలా వినిపిస్తాయి. మొదటి ఏడాదిలోనే మెదడు తనకు అవసరంలేని తేడాలను పక్కన పెట్టేస్తుంది. రష్యన్ బీల్‌ల విషయంలో మన మెదడు చేసింది సరిగ్గా అదే.

పక్కన పెట్టినదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు. జపాన్‌వాళ్ళకు ఇంగ్లీషు ‘ర’, ‘ల’ శబ్దాల తేడా నేర్పడానికి అమెరికాలో చేసిన ప్రయోగాలు 1991లో వెలువడ్డాయి. పలువురి గొంతుల్లో, పలు మాటల్లో ఆ శబ్దాలను వినిపించి, ఏది విన్నారో అడిగి, తప్పో ఒప్పో వెంటనే చెబుతూ పోతే చెవి మెరుగుపడింది. ఇందులో కీలకం గొంతులు మారడం. ఒక్క టీచర్ ఆడియోనే వందసార్లు వింటే ఆ టీచర్ మాటే అర్థమవుతుంది. ముసలివాళ్ళ గొంతు, పిల్లల గొంతు, ఫోనులో గొంతు అన్నీ కావాలి. మన ఇళ్ళల్లో పిల్లలు చూసే మాషా, ఎలుగుబంటి కార్టూన్ రష్యన్‌దే. మూలభాషలో పెట్టి చూడండి, మాటలు తక్కువ, చూపించేది ఎక్కువ. మోస్‌ఫిల్మ్ స్టూడియో తన పాత సినిమాలను యూట్యూబులో ఉచితంగా ఉంచింది. చాలావాటికి ఉపశీర్షికలు ఉన్నాయి.

తెలుగువారికి ఉచ్చారణలో కలిసివచ్చేవి కూడా తక్కువేం కాదు. చాలు, చుక్క అనేటప్పుడు చాలామంది పెద్దవాళ్ళ నోట వచ్చే ఆ దంత్య చకారం రష్యన్‌లో ఒక పూర్తి అక్షరం. ఇంగ్లీషువాళ్ళు మాట మొదట్లో దాన్ని పలకడానికి తిప్పలు పడతారు. త, ద శబ్దాలు అచ్చంగా మనవే. కాని ఇంగ్లీషు మీడియంలో చదివిన నాలుక విదేశీ మాట అనగానే ట, డ అనేస్తుంది. ‘స్టుడెంట్’ అనే అలవాటును ‘స్తుద్యేంత్’ దగ్గర వదిలిపెట్టాలి. ఇంగ్లీషు గుండా పోకండి అన్నది నాలుక విషయంలోనూ నిజం.

గుర్తు తెచ్చుకోవడం

1885లో హెర్మాన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల వరసలను తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టి పుస్తకం రాశాడు. మరుపు మొదట్లో వేగంగా, తర్వాత నెమ్మదిగా సాగుతుందని తేలింది. మరిచిపోబోయే ముందు మళ్ళీ చూస్తే ఆ జ్ఞాపకం మరింతకాలం నిలుస్తుంది. ఈ సూత్రాన్ని భాషా బోధనకు అన్వయించినవారిలో పాల్ పింస్లర్ ఒకడు. 1967లో అతను సూచించిన విరామాలు ఇవి: 5 సెకన్లు, 25 సెకన్లు, 2 నిమిషాలు, 10 నిమిషాలు, ఒక గంట, 5 గంటలు, ఒక రోజు, 5 రోజులు, 25 రోజులు, 4 నెలలు, 2 సంవత్సరాలు. ఆ అంకెలనే పట్టుకు వేలాడనక్కర్లేదు. విరామం పెరుగుతూ పోవాలన్నది ముఖ్యం. ఇప్పుడు ఆంకీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ లెక్క మన తరఫున చూసుకుంటుంది.

మళ్ళీ చూడటానికీ మళ్ళీ గుర్తు తెచ్చుకోవడానికీ చాలా తేడా ఉంది. 2008లో జెఫ్రీ కార్పికే, హెన్రీ రోడిగర్ అమెరికన్ విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు అర్థాలతో నేర్పారు. ఒక్కసారి సరిగ్గా చెప్పగలిగిన మాటను కొందరు పరీక్షలోంచి తీసేసి చదువుతూ మాత్రమే పోయారు. కొందరు అన్ని మాటలకూ పదేపదే పరీక్ష పెట్టుకున్నారు. వారం తర్వాత పరీక్షలు కొనసాగించినవారికి 80 శాతం గుర్తున్నాయి. చదువుతూ మాత్రమే పోయినవారికి అందులో సగమైనా లేవు. నాలుగు జవాబుల్లో ఒకదాన్ని వేలితో తాకమనే ఫోన్ ఆటలు నోటికి భాషను తేలేవని నేను గట్టిగా నమ్ముతాను. అక్కడ జరిగేది ఎదుట ఉన్నదాన్ని గుర్తుపట్టడం. సంభాషణలో ఎదుట ఏమీ ఉండదు.

కార్డు ఇలా తయారుచేసుకోండి. ముందువైపు తెలుగు వాక్యం: ‘నాకు తల నొప్పిగా ఉంది.’ దాన్ని చూసి రష్యన్‌ను పైకి, పూర్తిగా, గొంతెత్తి పలకాలి. ఆ తర్వాతే వెనకవైపు ఆడియో వినాలి. ఒంటరి మాటలు కాక వాక్యాలే పెట్టండి. ఎందుకో ఒక్క ఉదాహరణతో చూద్దాం.

వార్డులో రోగిని అడగాల్సిన మొదటి ప్రశ్న: ‘ష్తో ఉ వాస్ బలీత్?’ మీకు ఎక్కడ నొప్పి? మాట వరసలో చూస్తే ‘ఏమి, మీ దగ్గర, నొప్పెడుతోంది’. జవాబు: ‘ఉ మిన్యా బలీత్ గలవా’. తల నొప్పిగా ఉంది. ఇక్కడ తల ‘గలవా’, దీర్ఘం చివర. అదే తలను ద్వితీయలో పెట్టాల్సివస్తే ‘గోలవు’ అవుతుంది. ప్రత్యయంతో పాటు దీర్ఘం ముందుకు దూకింది. చెయ్యి ‘రుకా’, నాడి చూడటానికి చెయ్యి ఇవ్వమనాలంటే ‘దాయ్‌త్యె రూకు’. దీర్ఘం మళ్ళీ ముందుకు దూకింది. పట్టికలు చూసి ఈ మార్పులన్నీ గుర్తుపెట్టుకోబోతే నోరు పెగలదు. ‘దాయ్‌త్యె రూకు’ను ఒకే ముద్దగా, ఒకే ఊపిరిలో నేర్చుకుంటే విభక్తీ ఊనికా రెండూ అందులోనే ఇమిడి వచ్చేస్తాయి. తర్వాత ఎప్పుడో వ్యాకరణం చదివినప్పుడు, అప్పటికే నోట్లో ఉన్నవాటికి పేర్లు తెలుస్తాయి. ‘ఎప్పట్నించి?’ అని అడిగితే రోగి ‘స ఫ్చిరాష్నివ ద్న్యా’ అంటాడు, నిన్నట్నించి అని. ఆ ‘వ’ ఉన్నచోట రాతలో ‘గ’ ఉంటుంది. ఇదీ చెవి ముందు, కన్ను తర్వాత అనడానికి మరో ఆధారం.

అంకెలనూ ఇలాగే ముద్దలుగా నేర్చుకోవాలి. ఒక రూబులు ‘అదీన్ రూబ్ల్య్’, రెండు ‘ద్వా రుబ్ల్యా’, ఐదు ‘ప్యాత్య్ రుబ్ల్యేయ్’, ఇరవై ఒకటి దగ్గర మళ్ళీ ‘రూబ్ల్య్’. కూరగాయల కొట్టు దగ్గర సూత్రం తలచుకునే తీరిక ఉండదు.

సెకనులో అయిదో వంతు

ఆ తీరిక ఎంతో కొలిచారు. పది భాషల సంభాషణలను పోల్చిన ఒక పరిశోధన 2009లో వచ్చింది. ఒకరి ప్రశ్న ముగిసి మరొకరి జవాబు మొదలయ్యే వ్యవధి సగటున సెకనులో అయిదో వంతు. అంత తొందరలో ఎవరూ ఆలోచించలేరు. బొమ్మ చూసి మాతృభాషలో దాని పేరు పలకడానికే సుమారు 0.6 సెకను పడుతుంది. అంటే ఎదుటివాళ్ళ వాక్యం నడుస్తుండగానే మనం మన జవాబును సిద్ధం చేసుకుంటున్నాం. కొత్త భాషలో ఇది జరగాలంటే రెండు కావాలి. వాక్యం ఎటు పోతుందో ఊహించగలిగేంత విని ఉండాలి. సగం జవాబులైనా సిద్ధంగా నోట్లో ఉండాలి.

మిగతా సగానికి కాలం సంపాదించుకునే మాటలు రష్యన్‌వాళ్ళకే ఉన్నాయి. మనం ‘అదీ’, ‘అంటే’, ‘మరీ’ అన్నట్టు వాళ్ళు ‘ను’, ‘వోత్’, ‘జ్నాచిత్’, ‘కాక్ స్కజాత్య్’ అంటారు. మొదటి వారంలోనే వీటిని నేర్చుకోండి. ‘మళ్ళీ చెప్పండి’కి ‘పఫ్తరీత్యె, పఝాలుస్త’. వస్తువును చూపించి ‘దీన్నేమంటారు’ అనడానికి ‘కాక్ ఏత నజివాయిత్స?’ ఈ చివరి ప్రశ్న ఒక్కటి నోట్లో ఉంటే ఎదురైన ప్రతి మనిషీ మీకు గురువే.

నిజజీవితంలో మాటలు పుస్తకంలో ఉన్నట్టు ఉండవు. నమస్కారానికి పుస్తకం ‘జ్ద్రాస్త్‌వుయ్‌త్యె’ అంటుంది. వీధిలో అది ‘జ్ద్రాస్త్యె’. ‘ఇప్పుడే’ అనే ‘సిచాస్’ నోట్లో నలిగి ‘ష్షాస్’ అవుతుంది. అలెక్సాంద్ర్ అలెక్సాంద్రవిచ్ అనే పెద్దాయనను దగ్గరివాళ్ళు ‘సాన్ సానిచ్’ అంటారు. పెద్దవాళ్ళను పేరూ తండ్రి పేరూ కలిపి పిలవడం అక్కడి మర్యాద, మన ‘గారు’ చేసే పని అది చేస్తుంది. మన పిల్లలు అలవాటుగా అనే ‘సర్’, ‘మేడమ్’ అక్కడ అతకవు. ప్రొఫెసర్ గారి తండ్రి పేరు మొదటిరోజే తెలుసుకోవడం మంచిది.

ఒంటరితనం

గురువు లేకుండా, దేశం వెళ్ళకుండా రష్యన్ మాట్లాడటం నేర్చుకున్నవాళ్ళలో నాకు ఎంతో ఇష్టమైన మనిషి హంగేరీకి చెందిన కాతో లోంబ్. 1909లో పుట్టింది, రసాయనశాస్త్రం చదివింది. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో బుడాపెస్ట్‌లో పాతపుస్తకాల దుకాణంలో ఒక రష్యన్ నిఘంటువు దొరికింది. ఆ రోజుల్లో రష్యన్ నేర్చుకుంటూ పట్టుబడటం ప్రమాదం. సంపాదించిన రష్యన్ నవలలను హంగేరియన్ విజ్ఞానసర్వస్వం పేజీల మధ్య కుట్టించుకుంది. బాంబుదాడులప్పుడు నేలమాళిగలో కూర్చుని గొగోల్ ‘మృత జీవులు’ చదివింది, తెలియని మాటలను దాటేస్తూ. 1945 ఫిబ్రవరిలో సోవియట్ సైన్యం నగరంలో ఉండగానే నగర కార్యాలయంలో దుబాసీగా చేరింది. తర్వాత పేరున్న అనువాదకురాలై, తన పద్ధతుల గురించి 1970లో ఒక పుస్తకం రాసింది.

ఆమె పద్ధతిలో నన్ను ఆకట్టుకున్నది తనతో తాను మాట్లాడుకోవడం. బస్సు కోసం నిలబడినప్పుడు, వంట చేసేటప్పుడు, మనసులో నడిచే మాటలను కొత్త భాషలో నడపడం. ఇది వట్టి కాలక్షేపం కాదు. కెనడాలో ఫ్రెంచి మాధ్యమంలో చదివిన ఇంగ్లీషు పిల్లలను గమనించి 1985లో మెరిల్ స్వైన్ అన్నది ఇదే. ఏళ్ళ తరబడి విన్నా, వాళ్ళకు అర్థం చేసుకోవడం వచ్చినంత బాగా మాట్లాడటం రాలేదు. నోరు తెరిచినప్పుడే మనకు ఏది రాదో తెలుస్తుంది. తనతో తాను మాట్లాడుకుంటూ ‘తాళం ఎక్కడ పెట్టాను’ అనబోయి ఆగిపోతే, ఆ సాయంత్రం వెతకాల్సిన మాట ఏదో తెలిసిపోయింది.

తగినంత వింటే చాలు, మాట దానంతట అదే వస్తుందని వాదించే పండితులూ ఉన్నారు. వినడం పునాది అన్నంతవరకు వాళ్ళతో ఏకీభవిస్తాను. ఒంటరిగా నేర్చుకునేవారి విషయంలో మాత్రం ఆ సలహా హాని చేస్తుందని నా అభిప్రాయం. అడిగేవాళ్ళు లేనిచోట నోరు ఎన్నాళ్ళైనా మూసుకునే ఉంటుంది.

ఫోనులో మీ గొంతు రికార్డు చేసుకోండి. ఒక రష్యన్ వాక్యం విని, అదే పలికి, రెండూ వెంటవెంటనే వినండి. దీర్ఘం ఎక్కడ పడింది, మాట చివరి హల్లు ఏమైంది అని చూడండి. రష్యన్‌లో మాట చివరి గ, బ, ద శబ్దాలు క, ప, త అయిపోతాయి. స్నేహితుడు రాతలో ‘ద్రుగ్’, నోట్లో ‘ద్రూక్’. రొట్టె రాతలో ‘ఖ్ల్యెబ్’, నోట్లో ‘ఖ్ల్యేప్’. మన గొంతులో ఆ ‘గ’ అలాగే నిలబడి ఉండటం రికార్డులో స్పష్టంగా వినిపిస్తుంది.

చదవడానికి మరో ఆస్తి మనకుంది. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో ఉండి రష్యన్ సాహిత్యాన్ని తెలుగు చేశారు. 1972లో మాస్కోలోనే తెలుగు–రష్యన్ నిఘంటువు వెలువడింది. చెహోవ్ కథ ఒకటి తెలుగులో చదివి, అదే కథను రష్యన్‌లో చదివిన ఆడియో వినండి. కథ ముందే తెలుసు కాబట్టి చెవి మాటల మీద నిలుస్తుంది. సంభాషణ ఎక్కువగా ఉన్న చిన్న కథలైతే మేలు.

ఎంత నేర్చుకుంటే ఎంత వచ్చినట్టు? విదేశీయులకు రష్యన్ ప్రభుత్వం పెట్టే పరీక్షల్లో తొలి స్థాయికి 780 మాటలు, దాని తర్వాతిదానికి 1,300, ఆ పైదానికి 2,300 కావాలని ప్రమాణం. మూడోది విశ్వవిద్యాలయంలో చేరడానికి అడిగే స్థాయి. రోగి బాధ విని, నాలుగు ప్రశ్నలు అడిగి, ధైర్యం చెప్పడానికి రెండోదీ మూడోదీ మధ్యలో ఉంటే చాలు. వరసగా నిఘంటువు నేర్చుకుంటూ పోతే ఆ సంఖ్య భయపెడుతుంది. ముందు మీ నోటికి రోజూ అవసరమయ్యే వాక్యాలను తెలుగులో రాసుకోండి. ఇల్లు, తిండి, ప్రయాణం, చదువు, ఒంట్లో నలత. వాటిని ఒక్కొక్కటే రష్యన్‌లోకి తెచ్చి, తెలిసిన రష్యన్ మనిషితో ఒకసారి సరిచూపించుకుని, గొంతు రికార్డు చేయించుకుని, కార్డులకెక్కించండి. చెన్నైలోని రష్యన్ సాంస్కృతిక కేంద్రంలో తరగతులున్నాయి. భాషలు ఇచ్చిపుచ్చుకునే మిత్రులు ఆన్‌లైన్‌లో దొరుకుతారు. వారితో అరగంట కూర్చుంటే పావుగంట రష్యన్, పావుగంట వాళ్ళు కోరిన భాష అని ముందే గడియారం పెట్టుకోండి. లేకపోతే ఇద్దరికీ తేలికైన ఇంగ్లీషులోకి జారిపోతారు.